వర్క్‌షాపు ప్రశ్నలు: పాత యంత్రాల్లో పనికొచ్చే విడిభాగాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం అడిగాయి. కొత్త విడిభాగాల ధరలు భరించలేకపోతున్నామనీ, పాతవి ఎక్కడ దొరుకుతాయో, దొరికినవాటిని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పమనీ పాఠకులు కోరారు. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాము.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో ప్రయోగాలకు ఒక పవర్ సప్లై, సర్క్యూట్ బోర్డులకు రంధ్రాలు వేసుకోవడానికి ఒక చిన్న డ్రిల్లు తయారు చేసుకోవాలని ఉంది. కోఠీకి వెళ్తే అన్నీ చవకగా దొరుకుతాయని మిత్రులు అంటున్నారు. కానీ రానుపోను ఖర్చే చాలా అవుతుంది. వెళ్లడం మంచిదేనా?
– ఒక విద్యార్థి, తణుకు

జవాబు: ఈ రెండింటి కోసమే అయితే వెళ్లనక్కరలేదు. కోఠీలోని గుజరాతీ గల్లీ ప్రధానంగా కొత్త విడిభాగాల బజారు. రెసిస్టర్లు, ఐసీలు, కనెక్టర్లు, సోల్డరింగ్ సామగ్రి అక్కడ దొరుకుతాయి. మోటార్లు, బేరింగులు, పుల్లీల వంటివాటికి సికింద్రాబాద్‌లోని రాణీగంజ్ పేరున్న చోటు. వాడేసిన సామానే కావాలంటే ఎర్రగడ్డలో ఆదివారం జరిగే అంగడి, పాతబస్తీ వైపు గురువారం జరిగే జుమ్మెరాత్ బజారు ఉన్నాయి. అయితే అక్కడ కరెంటు పెట్టి చూసి కొనే వీలు తక్కువ, పని చేయకపోతే తిరిగి తీసుకునేవారూ ఉండరు. ఏది కావాలో, దాన్ని చూడగానే ఎలా గుర్తుపట్టాలో తెలిసినవారికే ఆ బజార్లు లాభం.

మీరు మొదట వెళ్లవలసింది మీ ఊళ్లోని కంప్యూటర్ రిపేరు షాపుకు, టీవీ మెకానిక్ దగ్గరకు, యూపీఎస్ బ్యాటరీలు మార్చే కొట్టుకు. రిపేరు చేయించుకోకుండా యజమానులు వదిలేసి పోయిన సెట్లు ఈ మూడు చోట్లా అటకల మీద పడి ఉంటాయి. పాత ఇనుప సామాన్ల బండికి తూకానికి వేసేలోపు అడిగితే ఆ తూకం ధరకో, కొంచెం ఎక్కువకో ఇస్తారు. అడిగేటప్పుడు విప్పేసిన బోర్డులు కాకుండా విప్పని యంత్రాన్నే అడగండి. విప్పని యంత్రంలో స్క్రూలు, కనెక్టర్లు, తీగలు, హీట్‌సింకులు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఏ భాగం ఏ పని చేసేదో చూసి నేర్చుకోవచ్చు. విప్పిన బోర్డులోనుంచి మంచివి అప్పటికే ఎవరో తీసుకుని ఉంటారు.

పవర్ సప్లైకి పాత కంప్యూటర్‌లోని ఎస్ఎంపీఎస్, అంటే దానికి కరెంటు సరఫరా చేసే పెట్టె, సరిపోతుంది. దాని పెద్ద కనెక్టర్‌లో పచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. దాన్ని ఏదైనా నల్ల తీగకు కలిపితే అది మొదలవుతుంది. పసుపు తీగలో 12 వోల్టులు, ఎరుపులో 5, నారింజలో 3.3 వస్తాయి. ఊదా రంగు తీగలో స్విచ్ వేయకముందు కూడా 5 వోల్టులు ఉంటాయి. కొన్ని పాత రకాలు లోడు లేకుండా నిలకడగా నడవవు. వాటికి ఎరుపు, నలుపు తీగల మధ్య 10 ఓమ్స్, 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్ పెట్టండి. వోల్టేజి మార్చుకునే సౌకర్యం కావాలంటే 12 వోల్టుల తీగకు, వోల్టేజిని తగ్గించే బక్ కన్వర్టర్ మాడ్యూల్ ఒకటి తగిలించుకోవచ్చు. రెండు సంగతులు మాత్రం మరిచిపోకండి. దాని నల్ల తీగ లోపల ఎర్త్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, రెండు ఎస్ఎంపీఎస్‌లను సీరీస్‌లో కలిపి 24 వోల్టులు తీద్దామనుకుంటే ఒకటి షార్ట్ అవుతుంది. ఇక పెట్టె మూత తీయవలసిన పని మీకు లేదు. లోపలి కెపాసిటర్ల మీద 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీసిన తర్వాత కూడా అది కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

డ్రిల్లుకు చెడిపోయిన ఇంక్‌జెట్ ప్రింటర్‌లోని డీసీ మోటారు సరిపోతుంది. దాని ఇరుసుకు తగిలించే, బిట్టును పట్టి ఉంచే చిన్న చక్కును మాత్రం కొత్తదే కొనండి, ఎందుకంటే ఒక మిల్లీమీటరు బిట్టు కొంచెం అడ్డంగా తిరిగినా విరిగిపోతుంది.

ప్రశ్న: మా పాఠశాల కార్యాలయంలో పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు రెండు మూలపడి ఉన్నాయి. పిల్లల చేత చిన్న ప్లాటర్ (పెన్నుతో బొమ్మలు గీసే యంత్రం) చేయించాలనుకుంటున్నాను. వాటిలో మాకు పనికొచ్చేవి ఏమిటి? మోటారు తీగలను ఎలా గుర్తించాలి?
– భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీకు దొరికినవి మంచి యంత్రాలు. ఈ రోజుల్లో దుకాణంలో దొరికే ఇంక్‌జెట్ ప్రింటర్ కంటే మూలపడిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లోనే వర్క్‌షాపుకు పనికొచ్చేవి ఎక్కువ. హెడ్డును అటూ ఇటూ నడిపే స్టెప్పర్ మోటారు (అడుగు అడుగుగా తిరిగే మోటారు) ఒకటి, కాగితాన్ని లాగే స్టెప్పర్ మోటారు ఇంకొకటి, నున్నటి ఉక్కు కడ్డీ, పళ్ల బెల్టు, దాని పుల్లీలు, హెడ్డు మొదటి స్థానానికి చేరిందో లేదో చెప్పే చిన్న ఆప్టికల్ సెన్సర్ దొరుకుతాయి. ప్లాటర్‌కు కావలసిన యాంత్రిక భాగం దాదాపు ఇదే. విప్పే ముందు ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫోటో తీయించండి. కడ్డీ మీద పాత గ్రీజు, దుమ్ము కలిసి జిగురులా గట్టిపడి ఉంటుంది. గుడ్డతో తుడిచి రెండు చుక్కల మిషన్ నూనె వేస్తే హెడ్డు బండి చేతితో తోస్తేనే జారిపోతుంది.

తీగల సంగతికి వస్తే, మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి రెండేసి తీగలను కొలవండి. నాలుగు తీగలుంటే రెండు జతలు తేలతాయి, ఒక్కో జత ఒక్కో కాయిల్. మీటరు లేకపోయినా ఇది తెలుసుకోవచ్చు. రెండు తీగల కొనలను కలిపి పట్టుకుని ఇరుసును వేళ్లతో తిప్పి చూడండి. అవి ఒకే కాయిల్‌వి అయితే ఇరుసు బిగుసుకుని గుటుకు గుటుకున కదులుతుంది, కాకపోతే మామూలుగానే తిరుగుతుంది. పిల్లలకు ఈ ప్రయోగం తప్పక చేయించండి. తిరుగుతున్న మోటారే జనరేటరు అవుతుందన్న పాఠం వాళ్ల వేళ్లకే తెలుస్తుంది. ఆరు తీగలుంటే ఒక్కో కాయిల్‌కు మధ్యలోనుంచి తీసిన తీగ, అంటే ట్యాపు, ఒకటి ఉన్నట్టు. కొన నుంచి కొనకు వచ్చే ఓమ్స్ కొన నుంచి మధ్యకు వచ్చేదానికి రెట్టింపు ఉంటాయి. ఐదు తీగలుంటే ఆ రెండు మధ్య ట్యాపులనూ లోపలే కలిపేశారని అర్థం.

మోటారు మీది చీటీలో 1.8 డిగ్రీలు అని ఉంటే ఒక చుట్టుకు 200 అడుగులు, 7.5 డిగ్రీలు అని ఉంటే 48 అడుగులు. ప్లాటర్‌కు మొదటి రకం మేలు, అయితే రెండో రకంతోనూ బొమ్మ వస్తుంది, గీతలు కొంచెం మెట్లు మెట్లుగా పడతాయి. నడపడానికి ఏ4988 అనే చిన్న డ్రైవర్ బోర్డు సరిపోతుంది; దాని మీది స్క్రూతో కరెంటును ముందుగా తగ్గించి మొదలుపెట్టండి. డ్రైవర్‌కు సరఫరా ఉండగా మోటారు తీగ ఊడదీయకూడదు. అలా చేస్తే డ్రైవర్ ఆ క్షణమే పోతుంది. పిల్లలు చేసే పొరపాట్లలో ఇదే ఎక్కువ ఖర్చుతో కూడినది.

ప్రింటర్లు పాఠశాల స్టాకు రిజిస్టరులో ఉండి ఉంటాయి కాబట్టి, పనికిరానివిగా రాయించి, ప్రధానోపాధ్యాయుల అనుమతి కాగితం మీద తీసుకున్న తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టండి.

ప్రశ్న: పాత ఫ్రిజ్ స్టెబిలైజర్‌లో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాన్ని బ్యాటరీ చార్జర్‌కు వాడవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: వాడకూడదు. స్టెబిలైజర్‌లో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. దానిలో ఒకే చుట్ట నుంచి ట్యాపులు తీస్తారు కాబట్టి, బయటికి వచ్చే తీగ ఇంటి కరెంటుకు నేరుగా కలిసే ఉంటుంది. మీటరులో వోల్టేజి తక్కువగా చూపించినా, ఆ తీగను ముట్టుకున్నవారికి ఫేజు తగలవచ్చు. ఇన్‌పుట్ తీగకు, అవుట్‌పుట్ తీగకు మధ్య ఓమ్స్ కొలిస్తే కొద్ది ఓమ్స్ మాత్రమే చూపించడం దీనికి గుర్తు. అందులోని రిలేలు, వోల్టు మీటరు, ఇనుప పెట్టె మాత్రం నిస్సందేహంగా దాచుకోదగినవి.

చార్జర్‌కు పాత యూపీఎస్ ట్రాన్స్‌ఫార్మర్ కొంత నయం. బ్యాటరీ వైపు ఉండే లావు తీగల చుట్ట విడిగా ఉంటుంది. అయినా అది పది పదిహేను నిమిషాల బ్యాకప్ కోసం చేసినది, గంటల తరబడి పూర్తి లోడుతో నడిపితే వేడెక్కుతుంది. దాని మీద రాసినదానిలో సగం కూడా ఆశించకండి. ఏ పాత ట్రాన్స్‌ఫార్మర్‌నైనా మొదటిసారి కరెంటుకు కలిపేటప్పుడు టీవీ మెకానిక్కులు వాడే సీరీస్ బల్బు ద్వారానే కలపాలి. అంటే ఫేజు తీగ మధ్యలో 60 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు ఉండాలి. లోడు లేనప్పుడు బల్బు వెలగకుండా ఉంటే, లేదా లోపలి తీగ మాత్రమే ఎర్రబడితే ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నట్టు. బల్బు నిండుగా వెలిగితే లోపల చుట్లు షార్ట్ అయినట్టు. ఆ తర్వాత మోటారు వైండింగ్ షాపుకు తీసుకెళ్లి రెండు చుట్టల మధ్య, చుట్టకూ ఇనుప రేకులకూ మధ్య ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గర్ పెట్టించండి.

ప్రశ్న: ఆడియో ఆంప్లిఫయర్ కోసం 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు ఆన్‌లైన్‌లో తెప్పించాను. శబ్దం కొంచెం పెంచగానే కాలిపోతున్నాయి. సర్క్యూట్‌లో లోపం కనబడలేదు. మీటరులో పరీక్షించినప్పుడు బాగానే చూపించాయి.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సర్క్యూట్ ఇంతకు ముందు వేరే ట్రాన్సిస్టర్లతో నడిచి ఉంటే, నకిలీవి వచ్చాయని అనుమానించవలసిందే. అసలు 2ఎన్3055 60 వోల్టులు, 15 ఆంపియర్లు, 115 వాట్లు తట్టుకునేలా చేసినది. ఆ 115 వాట్లు కూడా దాని లోహపు పెట్టె 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క కాబట్టి, మన ఎండాకాలంలో, చిన్న హీట్‌సింకు మీద దానిలో సగం వస్తే గొప్ప. నకిలీలో ఏం చేస్తారంటే, అదే లోహపు టోపీ కింద చిన్న ట్రాన్సిస్టర్‌కు చెందిన సిలికాన్ ముక్కను పెడతారు. మీటరులోని డయోడ్ పరీక్ష జంక్షన్ ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది. ఆ జంక్షన్ ఎంత పెద్దదో చెప్పదు. అందుకే రెండూ ఒకేలా కనబడతాయి.

కాలిపోయిన ఒకదాని టోపీ చుట్టూ హాక్సా బ్లేడుతో కోసి తెరిచి చూడండి. నాలుగైదు మిల్లీమీటర్ల చదరపు ముక్క కనబడితే అసలుది కావచ్చు, నేరం సర్క్యూట్‌దో హీట్‌సింకుదో అవుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్క కనబడితే మిగతావాటిని కూడా తీసి పక్కన పెట్టండి.

ఇక్కడ మా అభిప్రాయం కొందరికి తలకిందులుగా అనిపించవచ్చు. పవర్ ట్రాన్సిస్టర్లు, మాస్‌ఫెట్ల విషయంలో, ఊరూపేరూ లేని చోట కొన్న కొత్తదాని కంటే పాత యంత్రం నుంచి విప్పినదాన్నే మేము ఎక్కువ నమ్ముతాము. ఆ యంత్రాన్ని తయారు చేసిన కర్మాగారం సరైన సరుకే కొని ఉంటుంది, ఆపైన అది కొన్నేళ్లు పని చేసి చూపించింది కూడా. పాత ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు, పెద్ద ఆంప్లిఫయర్లు ఇందుకు మంచి చోట్లు. ప్లాస్టిక్ ఐసీల మీద రాత మార్చి అమ్మేవారూ ఉన్నారు. గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దినప్పుడు నల్ల పూత ఊడి వస్తే ఆ రాత కొత్తగా వేసినదే. చాలా ఐసీల మీద కనబడే నాలుగు అంకెల్లో మొదటి రెండు సంవత్సరాన్ని, తర్వాతి రెండు వారాన్ని తెలుపుతాయి. 9432 అంటే 1994లో 32వ వారం. ఒకే పెట్టెలోని ఐసీల మీద ఒకే అంకెలుండి, కాళ్లు మాత్రం కొన్నింటికి మెరుస్తూ, కొన్నింటికి మాసిపోయి ఉంటే జాగ్రత్త పడండి.

ఇదే సూత్రాన్ని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు వర్తింపజేయకండి. అవి వేడికి లోపల ఎండిపోతాయి, పైకి ఏమీ తెలియదు. కొత్తది కొన్ని రూపాయలకే వస్తున్నప్పుడు పాతదాన్ని విప్పడం సోల్డరింగ్ ఐరన్‌కు దండగ. రెసిస్టర్లూ అంతే.

ప్రశ్న: చెడిపోయిన ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో సెల్లులు చాలా వరకు బాగానే ఉంటాయని విన్నాను. టార్చిలైటు, చిన్న పవర్ బ్యాంకు చేసుకోవాలని ఉంది. ప్రమాదమేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు విన్నది నిజమే, ప్రమాదం ఉన్నదీ నిజమే. పాత ల్యాప్‌టాప్ ప్యాకుల్లో తరచుగా 18650 అనే గొట్టం ఆకారపు లిథియం సెల్లులు ఆరు ఉంటాయి, రెండేసి సమాంతరంగా కలిపి మూడు జతలుగా. వాటిలో ఒక్క జత దెబ్బతిన్నా మొత్తం ప్యాకు పని చేయదు, మిగిలిన నాలుగు మాత్రం బాగుండవచ్చు. ప్లాస్టిక్ పెట్టె అతుకు వెంట చెక్క సుత్తితో కొట్టి, ప్లాస్టిక్ కడ్డీతో విప్పండి. స్క్రూడ్రైవర్ మొన లోపలికి దూరితే సెల్లుకు రంధ్రం పడుతుంది, తర్వాత జరిగేది నిప్పు. నికెల్ పట్టీలను ఒకేసారి రెండు కత్తిరించకండి, కత్తెరే షార్ట్ చేస్తుంది.

విడిపోయిన ప్రతి సెల్లునూ కొలవండి. 2 వోల్టుల కంటే తక్కువ ఉన్నదాన్ని, పైపూత చిరిగినదాన్ని, తుప్పు పట్టినదాన్ని, కొంచెమైనా పండ్ల వాసన లాంటి తీపి వాసన వచ్చేదాన్ని ఆలోచించకుండా వదిలేయండి. మిగిలినవాటిని టీపీ4056 వంటి చార్జర్ మాడ్యూల్‌తో 4.2 వోల్టుల వరకు చార్జి చేయండి. చార్జి అవుతుండగా చేతికి స్పష్టంగా వేడి తెలిసే సెల్లు పనికిరాదు. నిండిన సెల్లులను నెల రోజులు పక్కన పెట్టి మళ్లీ కొలిస్తే, తమంతట తామే కారిపోయేవి బయటపడతాయి. చాలామంది ఈ నెల రోజులు ఆగలేరు. కానీ తర్వాత ఇబ్బంది పెట్టే సెల్లులు దొరికేది ఈ దశలోనే. చివరగా 0.5 ఆంపియర్ లోడు పెట్టి 3 వోల్టులకు దిగేవరకు ఎన్ని గంటలు పట్టిందో చూసి, గంటలను 0.5తో హెచ్చిస్తే సామర్థ్యం ఆంపియర్ అవర్లలో తేలుతుంది. మూడు గంటలు నిలిస్తే 1.5 ఆంపియర్ అవర్లు; టార్చిలైటుకు అది చాలు.

పవర్ బ్యాంకులో సెల్లులను సమాంతరంగా కలిపే ముందు అన్నీ ఒకే వోల్టేజి దగ్గర ఉండాలి. సీరీస్‌లో కలిపితే సెల్లులను కాపాడే బీఎంఎస్ బోర్డు తప్పనిసరి. సెల్లు కొనల మీద నేరుగా సోల్డరింగ్ చేయకండి, హోల్డర్లు కొనండి. చార్జి చేసేది పరుపులకు, కర్టెన్లకు దూరంగా గచ్చు నేల మీద, మీరు మెలకువగా ఉన్నప్పుడే.

ప్రశ్న: అమెరికాలో ఉండే మా అన్నయ్య అక్కడి సర్‌ప్లస్ దుకాణంలో కొన్న రెండు ట్రాన్స్‌ఫార్మర్లు తెచ్చాడు. ఒకదాని మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అనీ, ఇంకొకదాని మీద 115/230 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అనీ ఉంది. ఇక్కడ పని చేస్తాయా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: రెండోది చక్కగా పని చేస్తుంది. దాని ప్రైమరీలో 115 వోల్టుల చుట్టలు రెండు ఉంటే వాటిని సీరీస్‌లో కలపాలి. ఏ కొన ఏ కొనకో సందేహముంటే పైన చెప్పిన సీరీస్ బల్బే తేలుస్తుంది: తప్పుగా కలిపితే బల్బు నిండుగా వెలుగుతుంది, ఒక చుట్ట కొనలను తారుమారు చేస్తే ఆరిపోతుంది. మొదటిదాన్ని నేరుగా 230కి పెడితే నిమిషాల్లో కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో 110 ఇచ్చి నడపవచ్చు. మన 50 హెర్ట్జ్‌లో అది అక్కడికంటే ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి లోడు తగ్గించి వాడమని చెబుతాము.

ప్రశ్న: మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో స్పాట్ వెల్డర్ చేసే విధానం ప్రచురించగలరు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ప్రచురించము. ఆ ఓవెన్ లోపల 2,000 వోల్టుల స్థాయి కెపాసిటర్, దానికి ప్రాణం తీయగలిగినంత కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాయి. అనుభవమున్న మెకానిక్ కెపాసిటర్‌ను డిశ్చార్జి చేసి ఇస్తే ఫ్యాను, డోరు మైక్రో స్విచ్చులు, పళ్లెం తిప్పే మోటారు తీసుకోండి.

ప్రశ్న: ప్రభుత్వ సంస్థలు పాత సామాను వేలం వేస్తాయని తెలిసింది. మా హాబీ క్లబ్బు అందులో పాల్గొనవచ్చా? పాత బోర్డులు కొనడం చట్టవిరుద్ధమని ఒకరు భయపెట్టారు.
– హాబీ క్లబ్బు సభ్యులు, విశాఖపట్నం

జవాబు: ప్రభుత్వ రంగ సంస్థల తుక్కు, వాడని నిల్వలు ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ జరిపే ఈ-వేలాల ద్వారా అమ్ముడవుతాయి. ముందుగా కొనుగోలుదారుగా నమోదు చేసుకోవాలి, ధరావత్తు కట్టాలి, గెలిస్తే ఆ లాటు మొత్తాన్ని గడువులోగా సొంత ఖర్చుతో ఎత్తుకుపోవాలి. మీకు నాలుగు మీటర్లు కావలసి వస్తే నాలుగు టన్నుల కేబులు వెంట రావచ్చు. అందుకని క్లబ్బులు నేరుగా పాడుకోవడం కంటే, అటువంటి లాట్లు తరచుగా పాడుకునే వ్యాపారి ఎవరో మీ ఊళ్లో తెలుసుకుని, అతని గోదాములో ఏరుకునేందుకు మాట్లాడుకోవడం తేలిక. తూకం ధర కంటే ఎక్కువ ఇస్తామంటే సాధారణంగా కాదనరు.

చట్టం విషయం: 2022 ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం పెద్ద మొత్తంలో పరికరాలు వాడే సంస్థలు తమ ఈ-వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారులకో, బాగు చేసి మళ్లీ వాడుకలోకి తెచ్చేవారికో, రీసైక్లర్లకో మాత్రమే అప్పగించాలి. కాబట్టి అటువంటి కార్యాలయం నుంచి మీరు బోర్డులు బస్తాలకెత్తి తెచ్చుకోవడం కుదరదు. ఇంట్లోని పాత రేడియోను విప్పుకోవడానికి, మెకానిక్ దగ్గర ఒక ప్రింటర్ కొనుక్కోవడానికి మీరు భయపడనక్కరలేదు. బోర్డులను కాల్చడం, యాసిడ్‌లో వేసి లోహాలు తీయడం మాత్రం ఏ పరిమాణంలోనూ చేయకండి. అవసరమైనవి ఊడదీసుకున్న తర్వాత మిగిలిన బోర్డులను చెత్త బండికి వేయకుండా ఒక పెట్టెలో కూడబెట్టి, నిండినప్పుడు నమోదైన ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. ఆ పెట్టెలోకి లిథియం సెల్లులు వేయకండి. వాటి కొనలకు టేపు చుట్టి విడిగా ఇవ్వాలి.